రైఫిల్ భాగం అరిగినప్పుడు బాగుచేయించడమా, మార్చడమా

రైఫిల్‌లో ఏదో ఒక భాగం అరిగిందని తేలగానే యజమాని ఆలోచన ఖర్చు మీదికి పోతుంది. ఖర్చు లెక్కలోకి రావలసిందే గాని, దానికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: అరిగింది ఆ భాగపు ఆకారమా, లేక అలసిపోయింది దాని లోహమా? ఆకారం చెడితే, చుట్టూ కోసుకోవడానికి మిగులు లోహం ఉన్నంతవరకు లేత్ మీద పెట్టి మళ్లీ సరిచేయవచ్చు. లోహం గట్టిదనం కోల్పోయినా, లోలోపల పగుళ్లు పట్టినా, ఆకురాయీ సానరాయీ వెల్డింగూ ఏవీ దానికి పాత బలాన్ని తిరిగి ఇవ్వలేవు. మరమ్మతుకూ మార్పిడికీ మధ్య తీసుకోవలసిన నిర్ణయాల్లో ఎక్కువ భాగం ఈ తేడాను గుర్తించడంతోనే తేలిపోతాయి.

ఏ పరీక్షకైనా ముందు గుళ్ల పెట్టె అయిన మ్యాగజైన్ తీసివేసి, కాల్చే గుండు కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి. పేలుడు ఒత్తిడిని భరించే భాగాల మీద, గుండును పేల్చే గుర్రాన్ని (హ్యామర్) పట్టి ఉంచే భాగాల మీద చేసే పని, తుపాకులు బాగుచేసే అర్హత ఉన్న గన్‌స్మిత్‌కు వదిలిపెట్టాలి. యజమాని చేయవలసింది లోపం ఎక్కడుందో గుర్తించడం, గన్‌స్మిత్‌ను సరైన ప్రశ్నలు అడగడం, చివరికి డబ్బు దేనిమీద పెట్టాలో నిర్ణయించడం.

అది నిజంగా అరుగుదలేనా?

గురి చెదిరిపోతోందనగానే బ్యారెల్ (తుపాకి గొట్టం) అయిపోయిందని తీర్మానించడం చాలామందికి అలవాటు. అన్నిటికంటే ఖరీదైన అనుమానంతో మొదలుపెట్టడం తెలివైన పద్ధతి కాదు. భుజానికి ఆనించే స్టాక్‌ను, బ్యారెల్ వెనక యంత్రాంగం ఇమిడే రిసీవర్‌కు పట్టి ఉంచే మరలు సడలాయా, స్కోప్ మౌంట్ మరలు కదులుతున్నాయా అన్నది మొదట చూడాలి. తరువాత మంచిదని తెలిసిన మరో స్కోప్ బిగించి, ఇంతకుముందు ఆ రైఫిల్‌లో బాగా పనిచేసిన రకం గుళ్లతోనే కాల్చి చూడాలి. స్కోప్ లోపలి స్ప్రింగులు దెబ్బతిన్నప్పుడు కనిపించే లక్షణాలకూ, బ్యారెల్ అరిగినప్పుడు కనిపించే లక్షణాలకూ లక్ష్యపు కాగితం మీద పెద్ద తేడా ఉండదు.

ఆ తరువాతిది శుభ్రత. తూటా తొడుగు నుంచి వచ్చిన రాగి, తూటాను తిప్పడానికి బ్యారెల్ లోపల చెక్కిన గాడుల్లో పేరుకుంటుంది. ఛాంబర్ ముందు, గుండులో తూటానూ మందునూ పట్టి ఉంచే కేసు మూతి ఆగే చోట, కాలిన మందు గట్టిపడి వలయంలా పట్టుకుంటుంది. ఈ మసి వలయం మామూలు బ్రష్షుకు లొంగదు. ఒత్తిడిని పెంచి గురిని చెడగొట్టే ఈ వలయాన్ని సరైన ద్రావకంతో ఓపికగా తొలగిస్తే, అరిగిపోయిందనుకున్న బ్యారెల్ తిరిగి మామూలుగా కాల్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఇదే విధంగా, కేసు అడుగున మందును అంటించే ప్రైమర్ మీద ఫైరింగ్ పిన్ను దెబ్బ బలహీనంగా పడుతున్నప్పుడు స్ప్రింగును అనుమానించే ముందు, ఛాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ లోపల పాత నూనె జిగురులా గట్టిపడిందేమో చూడాలి. ఖాళీ కేసు బయటికి రాకపోతే, దాన్ని పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్‌ను తప్పుపట్టే ముందు ఛాంబర్ మురికిగానో గరుకుగానో ఉందేమో చూడాలి.

బ్యారెల్ లోపలికి దూర్చి చూసే సన్నని కెమెరా, బోర్‌స్కోప్, ఇప్పుడు చాలామందికి అందుబాటులోకి వచ్చింది. ఉపయోగమైన పరికరమే గాని, భయపెట్టడంలో కూడా దానికి సాటి లేదు. అన్నిటినీ భూతద్దంలో చూపించే ఆ కెమెరా ముందు కొత్త బ్యారెల్ గోడ కూడా గీతలతో కనిపిస్తుంది. కాగితం మీద తూటాలు దగ్గరగా పడుతున్నంతకాలం తెర మీద కనిపించిన బొమ్మను బట్టి బ్యారెల్ మార్చనవసరం లేదని నా అభిప్రాయం.

బ్యారెల్

బ్యారెల్ అంతటా ఒకే తీరున అరగదు. ఛాంబర్ దాటగానే, తూటా గాడుల్లోకి ప్రవేశించే గొంతు భాగమే ముందు పాడవుతుంది. అక్కడ మందు మంటల వేడీ ఒత్తిడీ రెండూ అత్యధికంగా ఉంటాయి కాబట్టి ఉక్కు పైపొర క్షణకాలం విపరీతంగా వేడెక్కి వెంటనే చల్లబడుతూ, వందలసార్లు ఇలాగే జరిగేసరికి, ఎండిన చెరువు అడుగులా బీటలు వారుతుంది. ఆ బీటల అంచులు రాలిపోయే కొద్దీ గాడులు ముందుకు జరుగుతాయి, తూటా నిటారుగా ప్రవేశించడం కష్టమవుతుంది. చిన్న రంధ్రంలోంచి ఎక్కువ మందును కాల్చే కాట్రిడ్జ్‌లు (గుళ్ల రకాలు) గొంతును త్వరగా తినేయడానికి కారణం ఇదే.

పోటీలకు తగిన గురి నిలిచే కాలాన్ని స్థూలంగా చెప్పాలంటే, .308 విన్‌చెస్టర్ బ్యారెల్ సుమారు 5,000 గుళ్ల వరకు, 6.5 క్రీడ్‌మూర్ 2,000 నుంచి 3,000 గుళ్ల వరకు మన్నుతాయి. ఒత్తిడి తక్కువగా ఉండి సీసపు తూటాలు వాడే .22 లాంగ్ రైఫిల్ బ్యారెల్ పదుల వేలు దాటినా ఆశ్చర్యం లేదు. గుళ్ల మధ్య విరామం ఇవ్వకుండా బ్యారెల్ కాలిపోయేటంత వేడెక్కే వరకు కాల్చేవారికి ఈ అంకెలు బాగా పడిపోతాయి. ఏడాదికి కొద్ది గుళ్లు మాత్రమే కాల్చేవారికి గొంతు అరుగుదల అసలు సమస్యే కాదు. వారి బ్యారెళ్లు చాలావరకు తుప్పు వల్లనో, శుభ్రం చేసే కడ్డీ రాపిడి వల్లనో పాడవుతాయి.

ఆ కడ్డీ రాపిడి తగిలేది బ్యారెల్ మూతి దగ్గర, క్రౌన్ అనే అంచు మీద. తూటా బ్యారెల్‌ను విడిచే ఆఖరి క్షణంలో వాయువు చుట్టూ సమానంగా వెలువడాలి. క్రౌన్ అంచులో చిన్న సొట్ట ఉన్నా తూటా ఒక పక్కకు నెట్టబడుతుంది. ఇది పూర్తిగా ఆకారానికి సంబంధించిన లోపం కాబట్టి, లేత్ మీద మూతిని కొద్దిగా కోసి కొత్త క్రౌన్ తీయిస్తే సరిపోతుంది. మొత్తం రైఫిల్ మరమ్మతుల్లో పెట్టిన డబ్బుకు ఇంతటి ఫలితమిచ్చే పని మరొకటి లేదు. గొంతు బాగుండి గురి మాత్రమే చెడిన బ్యారెల్‌ను క్రౌన్ చూడకుండా పారేయకూడదు. మూతి వైపు నుంచి కడ్డీ దూర్చి శుభ్రం చేసిన పాత సైనిక రైఫిళ్లలో, ఉదాహరణకు మోసిన్-నాగంట్ వంటి వాటిలో, మూతి లోపలి భాగాన్ని కొంత లోతు వరకు వెడల్పు చేసి, చెడని గాడులు మొదలయ్యే చోట కొత్త అంచు ఏర్పరచిన మరమ్మతు తరచుగా కనిపిస్తుంది. చూడడానికి అంత అందంగా ఉండదు గాని పని చేస్తుంది.

గొంతు అరిగినప్పుడు మరమ్మతు పద్ధతి వేరు. బ్యారెల్‌ను విప్పి, ఛాంబర్ వైపు అర అంగుళం నుంచి అంగుళం దాకా కోసి, మరలు మళ్లీ చుట్టి, కొత్త ఛాంబర్ తొలుస్తారు. వినడానికి పొదుపుగా తోస్తుంది. కానీ ఈ పనికి పట్టే శ్రమ కొత్త బ్యారెల్‌ను అమర్చే శ్రమకు దాదాపు సమానం; మిగిలేది ముడి బ్యారెల్ ధర మాత్రమే. పైగా వేడి బీటలు గొంతు దగ్గరే ఆగిపోవు, క్రమంగా సన్నగిల్లుతూ ముందుకు చాలా దూరం వ్యాపించి ఉంటాయి. అంగుళం కోసినంత మాత్రాన అక్కడ కొత్త ఉక్కు బయటపడదు కాబట్టి, ఇలా బతికించిన బ్యారెల్ కొత్తదాని ఆయుష్షంతా ఇవ్వదు. అసాధారణంగా మంచి గురి చూపిన బ్యారెల్ అయితేనో, ఆ రకం బ్యారెల్ ఇక దొరకకపోతేనో ఈ మరమ్మతు చేయించడంలో అర్థం ఉంది. సాధారణమైన బ్యారెల్‌కు అంత పని పెట్టడం కంటే మార్చడమే మేలు.

కొన్ని బ్యారెళ్లకు ఈ అవకాశం కూడా లేదు. లోపల క్రోమియం పూత ఉన్నవాటిలో ఛాంబర్ తొలిచే పనిముట్టు ఆ పూత గట్టిదనానికి మొద్దుబారిపోతుంది; ఒకవేళ తొలిచినా కొత్త ఛాంబర్‌లో పూత ఉండదు. వాయువుతో నడిచే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో వాయువు రంధ్రం స్థానం ఛాంబర్ నుంచి ఇంత దూరమని నిర్ణయమై ఉంటుంది కాబట్టి వెనుక భాగం కోస్తే లెక్క తప్పుతుంది. ఈ రెండు రకాలకూ మార్పిడే దారి.

ఏదో అడ్డుపడి బ్యారెల్ మధ్యలో ఉబ్బితే, ఆ ఉబ్బు వేలికి తగలనంత చిన్నదైనా సరే, అక్కడ లోహం తన హద్దు దాటి సాగిందని అర్థం. ఉబ్బు మూతికి చాలా దగ్గరగా ఉంటే అంతవరకు కోసేయవచ్చు, అదీ చట్టం అనుమతించే పొడవు మిగిలితేనే. లేకపోతే ఆ బ్యారెల్ మళ్లీ వాడకూడదు. తుప్పు గుంటల విషయంలో ఇంత కఠినంగా ఉండనవసరం లేదు. గాడుల్లో అక్కడక్కడ ఉన్న పలుచని గుంటలు శుభ్రం చేసే పనిని పెంచుతాయే తప్ప గురిని అంతగా చెడగొట్టవు. ఛాంబర్‌లో ఉన్న గుంటలు మాత్రం కేసును పట్టుకుని బయటికి రానివ్వవు.

.22 రైఫిళ్లకు ప్రత్యేకమైన లోపం ఒకటి ఉంది. ఛాంబర్ ఖాళీగా ఉండగా ట్రిగ్గర్ నొక్కితే, కొన్ని పాత రైఫిళ్లలో పిన్ను నేరుగా ఛాంబర్ అంచుకు తగిలి అక్కడ లోహాన్ని లోపలికి నెడుతుంది. దానితో గుండు సరిగా దూరదు, ఖాళీ కేసు సులువుగా రాదు. అక్కడ లోహం జరిగిందే గాని పోలేదు కాబట్టి, అందుకోసమే తయారైన ఛాంబర్ ఐరన్ అనే పనిముట్టుతో దాన్ని వెనక్కి నెట్టవచ్చు. ఈ మాత్రానికి బ్యారెల్ మార్చడం వృథా. లోపలంతా తుప్పు తిన్న పాత .22 బ్యారెల్‌ను వెడల్పు చేసి, లోపల కొత్త గాడుల గొట్టం అతికించే పద్ధతి కూడా ఉంది. బయటి రూపం, అక్షరాలు చెడకుండా ఉండాలనుకునేవారికి అది తగినది.

బోల్ట్, రిసీవర్, హెడ్‌స్పేస్

ఇక్కడ నా సలహా ఒకటే: వెల్డింగ్‌తోనూ సానతోనూ చేసే మరమ్మతుకు ఒప్పుకోకూడదు. బోల్ట్ మీద పొడుచుకువచ్చి దాన్ని మూసి పట్టే లగ్గులు, రిసీవర్‌లో అవి ఆనుకునే గోడలు కలిసి పేలుడు ఒత్తిడిని మోస్తాయి. వాటి బలం ఆకారంలో కంటే ఉక్కును వేడిచేసి చల్లార్చిన పద్ధతిలో ఎక్కువగా ఉంది. లగ్గు మీద వెల్డింగ్ పెడితే ఆకారం వస్తుంది, ఆ వేడికి ఉక్కు పదును పోతుంది.

దీనికి చరిత్రలో పెద్ద సాక్ష్యం 1903 మోడల్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్. 1918లో పద్ధతి మార్చేవరకు ఉక్కు వేడిని పనివారు కంటితో అంచనా కట్టడంతో కొన్ని రిసీవర్లు అతిగా కాలి పెళుసుబారాయి. అందువల్ల స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో తయారై 8,00,000 కంటే తక్కువ సంఖ్య ఉన్న రైఫిళ్లను కాల్చవద్దని ఇప్పటికీ హెచ్చరిస్తారు. అతిగా కాలిన ఉక్కును మళ్లీ వేడిచేసి చల్లార్చినా పూర్వపు స్థితికి రాదు. పైకి నిగనిగలాడే రిసీవర్ అయినా సరే దానికి మరమ్మతు లేదు.

హెడ్‌స్పేస్ అంటే మూసిన బోల్ట్ ముఖం నుంచి ఛాంబర్‌లో కేసును ఆపే చోటు వరకు ఉన్న దూరం. లగ్గులు అరిగినా, రిసీవర్ గోడలు నొక్కుకుపోయినా ఇది పెరుగుతుంది. అప్పుడు కేసు సాగి, అడుగుకు కాస్త పైన మెరిసే వలయం ఏర్పడుతుంది. మరీ పెరిగితే కేసు తెగి వేడి వాయువు వెనక్కి రావచ్చు. అయితే గుళ్లు స్వయంగా తిరిగి నింపుకునేవారు కేసు మెడ కింది వాలును, అంటే భుజాన్ని, అవసరానికి మించి వెనక్కి నొక్కినా ఇదే వలయం కనిపిస్తుంది కాబట్టి, వలయాన్ని చూసి రైఫిల్‌ను తప్పుపట్టకుండా, ఛాంబర్‌లో పెట్టి చూసే గేజ్ అనే కొలత దిమ్మెతో కొలిపించాలి. .308 విన్‌చెస్టర్‌కు గో గేజ్ 1.630 అంగుళాలు, నో-గో 1.634, ఫీల్డ్ గేజ్ 1.638. గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి. కొత్తగా బ్యారెల్ అమర్చిన రైఫిల్‌లో నో-గో మీద మూసుకోకూడదు. వాడుకలో ఉన్న రైఫిల్ నో-గో మీద మూసుకుని ఫీల్డ్ మీద ఆగితే వెంటనే పక్కన పెట్టనవసరం లేదు గాని, ఇకపై కొలతను తరచుగా చూపించుకుంటూ ఉండాలి. ఫీల్డ్ గేజ్ మీద కూడా మూసుకుంటే దాన్ని కాల్చడం ఆపాలి. మొత్తం తేడా అంగుళంలో వెయ్యోవంతులు ఎనిమిది మాత్రమే కాబట్టి కంటి అంచనాకు ఇక్కడ తావు లేదు.

పెరిగిన హెడ్‌స్పేస్‌ను తగ్గించడానికి పద్ధతులు రైఫిల్ నిర్మాణాన్ని బట్టి ఉంటాయి. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రూపకర్తలు ఈ సమస్యను ముందే ఊహించి, 0 నుంచి 3 వరకు సంఖ్యలు వేసిన బోల్ట్ తలలను వేర్వేరు పొడవుల్లో తయారుచేయించారు. తలను మారిస్తే కొలత సరిపోతుంది. బ్యారెల్‌ను నట్టుతో బిగించే రైఫిళ్లలో బ్యారెల్‌ను కొద్దిగా లోపలికి తిప్పి సరిచేస్తారు. మిగిలినవాటిలో బ్యారెల్ భుజాన్ని కోసి వెనక్కి అమర్చాలి, లేదా కొత్త బోల్ట్ వెతకాలి. రిసీవర్ గోడలే నొక్కుకుపోయి ఉంటే ఈ సర్దుబాట్లన్నీ తాత్కాలికమే, ఎందుకంటే మెత్తబడిన గోడ మళ్లీ నొక్కుకుంటుంది. రిసీవర్ మార్చడమంటే రైఫిల్ మార్చడమే.

ఎ.ఆర్.-15 తరహా రైఫిళ్లలో బోల్ట్ కాలక్రమంలో అలసిపోయే భాగం. పగుళ్లు సాధారణంగా ఎక్స్‌ట్రాక్టర్ పక్కనున్న లగ్గుల మొదట్లోనూ, బోల్ట్‌ను తిప్పే క్యామ్ పిన్ను రంధ్రం చుట్టూనూ మొదలవుతాయి. వెంట్రుకవాసి పగులు కనిపించినా బోల్ట్ మార్చాలి. ఏ రైఫిల్‌కైనా బోల్ట్ మార్చినప్పుడల్లా, అది కొత్తదైనా సరే, హెడ్‌స్పేస్ మళ్లీ కొలిపించాలి.

చిన్న భాగాలు

స్ప్రింగుల గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు. బలహీనపడిన స్ప్రింగును లాగి పొడవు చేస్తే కొద్దికాలం పనిచేసినట్టు కనిపించి మళ్లీ కుంగిపోతుంది. తయారీదారు చెప్పిన కనీస పొడవు కంటే తగ్గితే మార్చేయడమే. ఫైరింగ్ పిన్నుదీ అదే దారి. చీలిన ప్రైమర్ల నుంచి వచ్చిన వాయువు పిన్ను మొనను గుంటలు పెడుతుంది. ఆ మొనను సానపెట్టి నునుపు చేస్తే పిన్ను పొట్టిదవుతుంది, వదిలేస్తే మరిన్ని ప్రైమర్లను చీలుస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అంచు విరిగితే మార్చాలి, కానీ చాలాసార్లు దాని వెనకున్న స్ప్రింగు మారిస్తేనే సమస్య తీరుతుంది. గుళ్లను పట్టి ఉంచే మ్యాగజైన్ పెదవులు వంగితే ఒకసారి సరిచేసి చూడవచ్చు. రెండోసారి వంగినవాటిని నమ్మకూడదు.

ట్రిగ్గర్, దాన్ని నొక్కేవరకు గుర్రాన్ని ఆపి ఉంచే సియర్, వీటి సంగతి ఇంత తేలిక కాదు. ఇవి ఒకదానికొకటి ఆనుకునే అంచులు చాలా రైఫిళ్లలో పైపొర వరకే గట్టిపరచి ఉంటాయి, ఆ పొర మందం మిల్లీమీటరులో కొద్ది భాగమే. ట్రిగ్గర్ లాగుడు తేలికపడాలని ఆ అంచును సానరాయితో నునుపు చేస్తే మొదట్లో అద్భుతంగా ఉంటుంది. పొర కిందికి వెళితే లోపలి మెత్తని లోహం త్వరగా అరిగి, బోల్ట్ గట్టిగా మూసినా, రైఫిల్ కింద పడినా దానంతట అదే పేలే స్థితి వస్తుంది. మునుపటి యజమాని సానపెట్టిన ట్రిగ్గర్ అని అనుమానం కలిగినా చాలు, జతగా మార్చడం మంచిది. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ కలిపితే అంచులు సరిగా ఆనవు. చాలా ఆధునిక రైఫిళ్లకు ట్రిగ్గర్ మొత్తం ఒకే పెట్టెగా దొరుకుతుంది కాబట్టి విడి భాగాల మరమ్మతు గురించి ఆలోచించే అవసరమే రాదు.

రిసీవర్ మీద స్కోప్ మరల రంధ్రాలు పాడైతే మాత్రం మరమ్మతుకే మొగ్గాలి. 6-48 అనే మర కొలత రంధ్రాన్ని అంతకంటే పెద్దదైన 8-40కి పెంచి కొత్త మరలు చుట్టడం గన్‌స్మిత్‌లకు నిత్యకృత్యం, ఫలితం మొదటిదానికంటే గట్టిగా ఉంటుంది.

చెక్క స్టాక్

చెక్క విషయంలో ముందు మరమ్మతునే ఆలోచించాలి. రిసీవర్ తోక వెనక చీలిక వచ్చిందంటే తరచుగా కారణం మరలు సడలడమో, తోకకూ చెక్కకూ మధ్య ఖాళీ లేకపోవడమో అయి ఉంటుంది. ప్రతిసారీ వెనక్కి తన్నే రిసీవర్ ఆ చోట గూటం దిగ్గొట్టినట్టు చెక్కను చీలుస్తుంది. ఎపాక్సీతో అతికించి లోపల పిన్ను దించితే చీలిక మూసుకుంటుంది, కానీ రిసీవర్ కూర్చునే చోటును కూడా ఎపాక్సీతో సరిచేసి తోక వెనక సన్నని ఖాళీ వదలకపోతే అదే చీలిక పక్కన మరోటి వస్తుంది. ఏళ్ల తరబడి తుపాకీ నూనె పీల్చుకున్న చెక్కకు జిగురు పట్టదు; ముందు ద్రావకంతో నూనె తీయించాలి. చేతితో పట్టుకునే సన్నని మెడ దగ్గర అడ్డంగా విరిగిన స్టాక్‌ను తక్కువ తన్నుడు ఉన్న రైఫిల్‌కైతే అతికించి వాడవచ్చు, భారీ కాట్రిడ్జ్ రైఫిల్‌కు వద్దు. పగిలిన ప్లాస్టిక్ స్టాక్, గట్టిపడిన రబ్బరు ప్యాడ్ మార్చవలసినవే.

పాత రైఫిల్, కొత్త భాగం

సేకరణ విలువ ఉన్న రైఫిల్‌కు పై లెక్కలు కొంత తలకిందులవుతాయి. అన్ని భాగాల మీద ఒకే సంఖ్య ఉన్న సైనిక రైఫిల్‌కు బోల్ట్ మార్చినా, పాత పూత గీకి కొత్త పూత పెట్టించినా దాని ధర పడిపోతుంది. అటువంటి రైఫిల్‌ను కాల్చకుండా ఉంచుకోవడం కూడా ఒక ఎంపికే, పైగా అది ఖర్చు లేనిది. కాల్చాలనే కోరిక బలంగా ఉంటే, అసలు భాగాన్ని నూనె రాసి జాగ్రత్తగా దాచి, విడిగా కొన్న భాగాన్ని వాడుకోవాలి. బ్యారెల్‌నూ స్టాక్‌నూ కోయడం వంటి వెనక్కి తీసుకోలేని మరమ్మతులు మాత్రం చేయించకూడదు.

ఇక కొనుగోలు. చాలా దేశాల్లో బ్యారెల్, బోల్ట్, రిసీవర్ వంటివి నియంత్రణలో ఉన్న భాగాలు. కొనే ముందు అనుమతి కావాలి, పాతదాన్ని పారేయడానికీ పద్ధతి ఉంటుంది. అనుమతికి నెలలు పట్టే చోట, లైసెన్సు మార్పు అవసరం లేని క్రౌన్ వంటి మరమ్మతుకు అదనపు విలువ వస్తుంది. వాడిన భాగం చవకగా దొరికితే, స్టాక్, మ్యాగజైన్, స్కోప్ మౌంట్ల వరకు తీసుకోవచ్చు. చరిత్ర తెలియని వాడిన బోల్ట్‌ను మాత్రం, అది పట్టుబట్టి వెతుకుతున్నదే అయినా, పగుళ్ల పరీక్ష చేయించకుండా అమర్చకూడదు.

గన్‌స్మిత్ దగ్గర అంచనా అడిగేటప్పుడు మరమ్మతు ఖర్చునూ మార్పిడి ఖర్చునూ శ్రమతో కలిపి విడివిడిగా అడగాలి. మరమ్మతు ధర మార్పిడి ధరలో సగం దాటితే, దానివల్ల వచ్చే ఆయుష్షు కూడా కొత్తదానిలో సగమైనా ఉంటుందా అని అడగాలి. నికరమైన జవాబు రాకపోతే నేనైతే కొత్తదే తీసుకుంటాను. పని పూర్తయి రైఫిల్ చేతికి వచ్చాక హెడ్‌స్పేస్ కొలత కాగితం మీద తీసుకుని, మొదట ఒక్కొక్క గుండే నింపి కాల్చి, ప్రతి ఖాళీ కేసునూ వెలుతురులో తిప్పి చూసి, ఆ తరువాతనే గురి సరిచేసుకోవడం మొదలుపెట్టాలి.